కీర్తియు ఋణమును

మా పాఠశాలలో పదవ తరగతి విద్యార్థులచేత ఏటేట 'నా యాదర్శపురుషుడు' అను విషయమునుగూర్చి వ్యాసము వ్రాయించు నాచారము కలదు. గాంధీమహాత్ముడు, వివేకానందస్వామి, వీరేశలింగము పంతులుగారు, ఇటీవల అబ్దుల్ కలాముగారు: ఈ పేళ్లకు మా కలము అలవాటుపడి యున్నది. ఇట్టి వ్యాసములను దిద్దునపుడు చేయి తనంతట తాను నడచును. మనస్సు వేఱొకచోట నుండును. క్రిందటి యేడు మాత్రము ఒక కుఱ్ఱవాడు మా మనస్సును కాగితముమీదికి లాగెను. వాడు వ్రాసినది అమెరికాదేశపు ముష్టియోధుడు మహమ్మదు ఆలీని గుఱించి. సత్యముకొఱకు సింహాసనమును వదలుకొన్న హరిశ్చంద్రుడని మొదటి వాక్యములోనే వానికి పట్టము గట్టినాడు.

మా ప్రక్కన కూర్చున్న సహోపాధ్యాయు లొకరు ఆ కాగితమును చూచి నవ్విరి. "ఎదుటివాని ముక్కు పగులగొట్టి డబ్బు గడించినవాడు ఆదర్శపురుషు డెట్లగునయ్యా? పైగా తోటి నల్లవానినే కోతి యని పదిమందిలో వెక్కిరించినవాడు. హరిశ్చంద్రు డట!" అని కాగితమును తిరిగి మా ముందునకు నెట్టిరి. వారన్నది అబద్ధము కాదు. కుఱ్ఱవాడు వ్రాసినదియు అబద్ధము కాదు. రెండు నిజములును ఒకే మనుష్యునివి. ఇరువది మార్కులలో ఎన్ని వేయవలెనో తోచక ఆ సాయంకాలము మేము కలము మూసితిమి.

గతించిన ప్రసిద్ధపురుషుని తూచునపుడు లోకము సాధారణముగా రెండు త్రోవలు తొక్కును. గొప్ప పనులు చేసినాడు గనుక చిన్న దోషములను లెక్కింపరాదనుట యొకటి. దోషము బయటపడినది గనుక గొప్పతనమంతయు బూటకమనుట రెండవది. ఈ రెండును ఒకదాని కొకటి విరుద్ధములుగా కనబడునుగాని మాకు చూడగా అన్నదమ్ములవలె నున్నవి. రెండింటను జరుగునది యొకటే: జమను ఖర్చును ఒక కాగితముమీద వేసి, కొట్టివేతలు చేసి, చివర నొక మొత్తము తేల్చుట. కోమటికొట్టు లెక్కకు ఈ పద్ధతి మంచిదే. మనుష్యుని బ్రతుకునకు తగునా యనునదియే మా సందేహము.

ఆలీ 1942వ సంవత్సరము జనవరి 17వ తేదీన కెంటకీ రాష్ట్రమునందలి లూయీవిల్ నగరమున జన్మించెను. తండ్రి అంగళ్లకు పేరుపలకలు వ్రాయువాడు. తలిదండ్రులు పెట్టిన పేరు కాషియస్ మార్సెలస్ క్లే. పండ్రెండవ యేట తన సైకిలును ఎవరో దొంగిలింపగా, దొంగను పట్టి తన్నెదనని యేడ్చుచు ఒక పోలీసు ఉద్యోగితో చెప్పుకొనెను. జో మార్టిను అను ఆ యుద్యోగి బాలురకు ముష్టియుద్ధము నేర్పువాడు. తన్నుటకు ముందు తన్నుట నేర్చుకొమ్మని పిలిచికొనిపోయెను. ఆ బాలుడు 1960లో రోము ఒలింపిక్కులందు బంగారుపతకమును, 1964లో సోనీ లిస్టనును ఓడించి హెవీవెయిటు విజేతపదవిని గడించెను. మొత్తముమీద ఆడిన పోటీలు 61, గెలిచినవి 56, విజేతపదవి నెక్కుట మూడుమాఱులు. ఈ అంకెలలో ఆతనిని మించినవారు ఉన్నారు. ఆ తగవును క్రీడాపండితులకు వదలెదము. ముష్టిబలము నలుబదియేండ్లకే సడలిపోవునది. దాని కొఱకు పాఠశాలలో వ్యాసము వ్రాయ నక్కఱలేదు.

కుఱ్ఱవాడు హరిశ్చంద్రుడన్నది 1967వ సంవత్సరపు సంగతినిబట్టి. అమెరికా అప్పుడు వియత్నాములో యుద్ధము చేయుచుండెను. బలవంతముగా సైన్యములో చేర్చుకొను చట్టము క్రింద ఆలీకి పిలుపు వచ్చెను. ఏప్రిలు 28వ తేదీన హ్యూస్టను నగరమునందలి సైనికకేంద్రములో పేరు పిలిచినపుడు ఒక అడుగు ముందునకు వేసినచో చేరినట్లు. పిలిచినది కాషియస్ క్లే యను పాత పేరు. అతడు అడుగు వేయలేదు. మఱల పిలిచిరి, శిక్షయెట్టిదో తెలిపిరి, అయినను కదలలేదు. ఆ దినముననే న్యూయార్కు అధికారులు అతని యనుమతిపత్రమును నిలిపివేసిరి, విజేతపదవియు ఊడినది. జూను నెలలో న్యాయస్థానము 5 సంవత్సరముల చెఱయు, 10,000 డాలర్ల జుల్మానాయు విధించెను. అప్పీలు నడచుచుండుటచే చెఱసాలకు పోలేదు గాని, అతని దేశములో పోటీ లేదు, పరదేశము పోవుటకు పాస్‌పోర్టు లేదు. 1967 మార్చి మొదలు 1970 అక్టోబరు వఱకు, అనగా ఇరువదియైదవ యేట మొదలుకొని మూడున్నర సంవత్సరములు, యోధునకు చేయి కాలు మిక్కిలి చుఱుకుగా నాడు వయస్సునందు, అతడు కళాశాలలు తిరిగి ఉపన్యాసములిచ్చి పొట్టపోసికొనెను.

ఇచట పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. అతడు ఊకొట్టియున్నచో తుపాకి పట్టి అడవులలో తిరుగవలసిన యగత్యము బహుశః కలిగియుండదు. రెండవ ప్రపంచయుద్ధమున జో లూయీ యను నల్లజాతి విజేత సైన్యములో చేరి, సైనికుల వినోదార్థము ప్రదర్శనపోటీలాడి, దేశభక్తుడని కీర్తి పొందెను. (ఆ దేశభక్తునే పిమ్మట ఆదాయపుపన్ను బాకీలకై ప్రభుత్వము ఏండ్లతరబడి వేధించెను, విధేయతకు రాజ్యములు చెల్లించు వెల యిట్టిదని స్మరించుకొనుట మంచిది.) ఆ రాచబాట ఆలీకిని తెఱచియే యుండెను. ఒక్క అడుగు వేసినచో బిరుదు, ధనము, యౌవనము అన్నియు నిలిచియుండును. వేయకున్నచో అన్నియు పోవును. అంతకు కొలదివారములు ముందే మార్టిన్ లూథర్ కింగు ఆ యుద్ధమును బహిరంగముగా ఖండించియుండెను గాని, ఆనాటి కింకను ఆ ఖండనము దేశములో చెల్లుబడి యగు మాట కాదు. తఱువాత పదియేండ్లకు లోకమంతయు అదియే మాట యన్నప్పు డనుట వేఱు.

మఱి దీనినిబట్టి అతడు శుద్ధసాత్త్వికుడని చెప్పవచ్చునా? చెప్పరాదు. అతడు చేరిన నేషన్ ఆఫ్ ఇస్లామను సంఘము తెల్లవారిని జన్మచేతనే దుష్టులని బోధించునది. జాతులు వేఱువేఱుగ బ్రతుకవలెనని కోరునది. ఆ బోధలను ఆలీ కొంతకాలము నోటినిండ వల్లించెను. సంఘాధిపతి మాటకు లోబడి, తనకు సఖుడును గురువును నైన మాల్కం ఎక్సునకు విముఖుడయ్యెను. మాల్కం 1965 ఫిబ్రవరిలో హత్యచేయబడెను. అట్లు ముఖము త్రిప్పుకొనుట తన బ్రతుకులో మిక్కిలి చింతించిన తప్పులలో నొకటియని ఆలీ 2004లో ప్రకటించిన గ్రంథమున వ్రాసికొనెను. మధ్య ముప్పదితొమ్మిదేండ్లు. ఆ మాట వినవలసిన వాడు లేడు.

సుప్రీంకోర్టు తీర్పునుగూర్చియు ఒక మాట. 1971 జూను 28వ తేదీన ఎనిమిదిమంది న్యాయమూర్తులును ఏకాభిప్రాయముతో ఆలీకి పడిన శిక్షను రద్దుచేసిరి. న్యాయము గెలిచినదని కుఱ్ఱవాడు తన వ్యాసములో ఎఱ్ఱసిరాతో గీత గీచినాడు. నిజమునకు ఆ తీర్పు, యుద్ధమును నిరాకరించుట ధర్మమా యధర్మమా యను ప్రశ్నకు బదులు చెప్పలేదు. అతని యర్జీని ఏ కారణముచేత త్రోసివేసిరో క్రింది అప్పీలుమండలి తెలుపలేదు. న్యాయశాఖవా రిచ్చిన కారణములలో కొన్ని నిలువనివి. కావున శిక్ష చెల్లదని మాత్రము చెప్పెను. పోయిన మూడున్నర యేండ్లను ఎవరును తిరిగి యీయలేదు. కోల్పోయిన పదవినైనను న్యాయస్థానము ఇప్పింపలేదు. అతడు 1974 అక్టోబరు 30వ తేదీన కిన్షాసా నగరమున జార్జి ఫోర్మనును ఎనిమిదవ రౌండులో పడగొట్టి తన పిడికిళ్లతోనే తెచ్చుకొనెను. ఈ ఖాతాలో ఋణపడినది రాజ్యము; అప్పిచ్చినవాడు ఆలీ. ఆ బాకీ నేటికిని తీఱలేదనియే మా యభిప్రాయము.

ఇక రెండవ ఖాతాకు వత్తము. దీనియందు ఆలీ ఋణస్థుడు.

జో ఫ్రేజియరు 1944లో దక్షిణ కరొలైనాలోని బోఫర్టు ప్రాంతమున పేద రైతుకుటుంబములో పుట్టెను. పొట్టచేత పట్టుకొని ఉత్తరమునకు పోయి, ఫిలడెల్ఫియాలో పశువులను కోయు కర్మాగారమున పనిచేసెను. 1964లో టోకియో ఒలింపిక్కులందు బంగారుపతకము గెలిచెను. ఆలీ పదవి పోగొట్టుకొని యున్న కాలములో విజేతయైనవాడు ఈతడే. అట్టి స్థితిలో నున్నవాడు పాత విజేత తిరిగి రాకూడదని కోరుకొనుట లోకస్వభావము. ఫ్రేజియరు అట్లు చేయక, ఆలీకి మఱల అనుమతి యీయవలెనని తాను మాటసాయము చేసెను. చేతిలో డబ్బు లేనపుడు డబ్బుసాయమును చేసితినని పిమ్మట చెప్పుకొనెను.

1971 మార్చి 8వ తేదీన న్యూయార్కులో ఇరువురికిని మొదటి పోటీ. ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్లు. ఆ పోటీకి ముందు ఆలీ ఊరూర, సభసభకు పోయి, ఫ్రేజియరును 'అంకుల్ టామ్' అనెను. హారియెట్ బీచర్ స్టో 1852లో ప్రకటించిన నవలలోని ముసలి బానిసపేరు అది; నల్లవారి నోట ఆ మాటకు తెల్లవాని కాలిక్రింద బ్రతుకువాడని యర్థము. ఫ్రేజియరు గెలువవలెనని కోరు నల్లవాడు జాతిద్రోహి యని కూడ అనెను. ఎవరు ఎవరి నట్లన్నారు? తొలిదినములలో ఆలీ వృద్ధికి వచ్చినది లూయీవిల్లోని 11 మంది తెల్ల వర్తకుల పెట్టుబడిమీద. అతని శిక్షకుడు ఏంజెలో డండీ తెల్లవాడు. బానిసత్వమునకు మిక్కిలి దగ్గఱగా, తెల్లదొరల పొలముల నడుమ పెరిగినవాడు ఫ్రేజియరు. పేరుపలకలు వ్రాయువాని కుమారుడు పొలములో చెమటోడ్చినవానిని బానిస యని పిలిచెను, జనులు చప్పట్లు కొట్టిరి.

ఆ పోటీలో ఫ్రేజియరే గెలిచెను. పదునైదవ రౌండున అతని యెడమచేతి దెబ్బకు ఆలీ వెల్లకిల పడెను. అయినను మాట మిగిలిపోయెను. దెబ్బ మానును, మాట మానదని మన యిండ్లలో ముసలమ్మలు చెప్పుదురు. 1974లో రెండవ పోటీ ఆలీ గెలిచెను. 1975 అక్టోబరు 1వ తేదీన మనీలాలో మూడవది. ఈమాఱు మాట మఱింత దిగజారెను: గొరిల్లా. పత్రికావిలేఖరుల యెదుట ఆలీ జేబులోనుండి రబ్బరు గొరిల్లాబొమ్మను తీసి గుద్దుచు నవ్వించెను. నల్లవారిని కోతులని తెల్లవారు ఎన్ని తరములుగా పిలిచిరో ఆలీకి తెలియనిది కాదు. వారు వాడి పాఱవేసిన రాతిని అతడు ఏరుకొని, తోటి నల్లవానిమీద విసరెను. ఆ రాయి ఒకనికే తగిలి ఆగలేదు. ఫ్రేజియరు బిడ్డలు బడిలో ఈ మాట పడవలసివచ్చినది.

అదంతయు టికెట్ల యమ్మకముకొఱకు చేసిన హాస్యమని ఆలీ పక్షమువారు చెప్పుదురు. నిజమే కావచ్చును. అయితే ఈ సమాధానము నేరమును తగ్గించునా, పెంచునా? కోపములో నోరుజారుట యొకటి. లాభముకొఱకు ఆలోచించి తోటివాని యొడలిరంగును, ముఖమును సరకుగా అమ్ముట వేఱొకటి. 1967లో ఆలీ తనకు నష్టము తెచ్చు మాట యాడెను. 1975లో తనకు లాభము తెచ్చు మాట యాడెను. మనుష్యుని మాటల విలువ కట్టునపుడు ఆ మాటకు వెల ఎవరు చెల్లించిరని మొదట అడుగవలెనని మాకు తోచుచున్నది. మొదటిదానికి తాను చెల్లించెను, రెండవదానికి ఫ్రేజియరును, ఫ్రేజియరు బిడ్డలును చెల్లించిరి.

(తన కొత్త పేరు పలుకనందుకు ఫ్లాయిడ్ ప్యాటర్సనును 1965లోను, ఎర్నీ టెరెలును 1967లోను ఆలీ పెట్టిన బాధ వేఱు జాతికి చెందినది. బానిసపేరని తాను విడిచిన పేరితో పట్టుపట్టి పిలుచుట యవమానమే; ఆ కోపమునకు ఒక మూలము కలదు. పోటీ ముగియవలసినంతకంటె సాగదీసి హింసించెనన్న నింద మాత్రము నిలుచును. ఫ్రేజియరు విషయమున మూలమే లేదు.)

ఇట్టి చోట సంస్కృతము చదివినవారికి కాళిదాసు మాట గుర్తుకు రాక మానదు. కుమారసంభవము ప్రారంభమున హిమవంతుని వర్ణించుచు, అనంతరత్నములకు నిలయమైన ఆ కొండకు మంచు ఒక లోపము కాలేదనియు, అనేక గుణములనడుమ ఒక దోషము వెన్నెలలో మచ్చవలె మునిగిపోవుననియు మహాకవి భావించెను. మేమును ఎన్నిమాఱులో తరగతిలో ఈ శ్లోకమును తన్మయులమై బోధించితిమి. ఈ ఏడు బోధించునపుడు నోరు తడబడెను. మంచు హిమవంతునిదే, దానివలన చలించువాడు హిమవంతుడే. చంద్రుని మచ్చ చంద్రునియందే యున్నది. అట్టి దోషము గుణములలో మునిగిపోయిన పోవచ్చును. ఒకని దోషము మఱియొకని ఱొమ్ములో ముల్లుగా నున్నప్పుడు, మొదటివాని గుణములు ఎన్ని పెరిగినను రెండవవాని ఱొమ్ములో ముల్లు ఎట్లు మునుగును? ఆలీ 1990లో బాగ్దాదునకు పోయి, అక్కడ బందీలుగా చిక్కిన అమెరికనులలో 15 మందిని విడిపించి తెచ్చెను. ఆ 15 కుటుంబములును అతనికి ఆజన్మాంతము మ్రొక్కవలసినదే. కాని ఆ మ్రొక్కులలో ఒక్కటియు ఫ్రేజియరు గుమ్మము వఱకు పోదు.

ఈ విషయమున మా భారతము కాళిదాసుకంటె నిష్ఠురమైనది. స్వర్గారోహణపర్వమున ధర్మరాజు స్వర్గమునకు పోయి మొదట చూచినది దుర్యోధనుడు సింహాసనమున కూర్చుండుట. పిదప తాను చూచినది నరకము. అశ్వత్థామ విషయమున ద్రోణునితో ఆడిన అసత్యమునకు అది ఫలమని ఇంద్రుడు చెప్పును. రాజసూయము చేసినవాడు, యక్షుని మెప్పించినవాడు, కుక్కను విడువక స్వర్గమును కాదన్నవాడు: ఆ పుణ్యమంతయు ఒక్క అర్ధసత్యమును తుడువలేకపోయెను. అట్లే ఆ అర్ధసత్యము ఆ పుణ్యమును తుడిచిపెట్టలేదు. యుద్ధభూమిలో వెనుదిరుగక పడిన దుర్యోధనుని శౌర్యమునకును దాని ఫలము దానికి వచ్చెను. ఒక దానిని మఱియొక దానినుండి తీసివేసి మిగిలినది చూపుట ఆ కథలో ఎక్కడను లేదు. మనమేమో పురాణశ్రవణము చేసి లేచి వచ్చి, ఇంటిలో తీసివేతల లెక్క చేయుదుము.

మా సహోపాధ్యాయులు నవ్విన నవ్వు కూడ తీసివేతయే. ఫ్రేజియరుకు చేసిన యన్యాయమును చూపి హ్యూస్టనులో వేయని యడుగును కొట్టివేయుటకు వారి కెవ రధికార మిచ్చిరి? ఆ యడుగు ఫ్రేజియరు సొత్తు కాదు. అట్లే ఆ యడుగును చూపి గొరిల్లా మాటను మన్నించుటకు మా కుఱ్ఱవానికిని అధికారము లేదు. ఋణపత్రము ఎవనిపేర నున్నదో వాడొక్కడే దానిని చింపగలడు. చూపఱులమైన మనము మెచ్చుకొనవచ్చును, నొచ్చుకొనవచ్చును. క్షమించుటకు మన మెవరము?

ఇంతగా వ్రాయుచున్నారే, మీ కేమి పట్టినదని పాఠకులు అడుగవచ్చును. పట్టినది గనుకనే వ్రాయుచున్నాము. మేము ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలి సంవత్సరములలో మా తరగతిలో ఒక బాలుడుండెడివాడు. స్థూలకాయుడు, మాట మెల్లన. మొదటి గంటలోనే కునుకు తీయువాడు. ఒకనాడు రామాయణకథ చెప్పుచు, అతడు తూగుట చూచి, కుంభకర్ణుడని పేరు పెట్టితిమి. తరగతి గొల్లున నవ్వినది. ఆ నవ్వు మాకు తీయగా నుండెను. కొత్త ఉపాధ్యాయునకు పిల్లలు వశమైరన్న సంతోషము. మఱునాడును ఆ పేరే పిలిచితిమి. నెల తిరుగకుండ బడియంతయు అతనికి అదియే పేరైనది. వాడు తెల్లవాఱుజామున మూడు గంటలకు లేచి తండ్రితోకూడ పాలు పోసి వచ్చెడివాడని మాకు తెలిసినది ఆ ఏడు గడచిన పిమ్మట. అప్పటికి వాడు బడి మానివేసెను.

మూడేండ్ల క్రిందట పూర్వవిద్యార్థులు మాకు సన్మానము చేసిరి. శాలువా కప్పిరి, మీ పాఠమువలననే ఇంతవారమైతిమని పలువురు లేచి చెప్పిరి. వారిలో ఒకరిద్దఱు అబద్ధమాడినను తక్కినవారు నిజమే చెప్పియుందురు. సభ ముగిసి దిగి వచ్చునపుడు ఒకడు చిన్న కొడుకును చేయి పట్టుకొని యెదుట నిలిచెను. మేము పోల్చలేకపోతిమి. "గుర్తు పట్టలేదా మాస్టారూ? నేనండీ, కుంభకర్ణుణ్ణి" అనెను. కోపముతో అనలేదు. మాకు గుర్తుండునది ఆ పేరే యని యెఱిగి, మాకు సులువు చేయుటకై అనినట్లుండెను. వాని యసలు పేరు ఎంత ప్రయత్నించినను మా నోటికి రాలేదు. "ఆ రోజుల్లో ఏదో సరదాకి అన్నాను, నాయనా" అంటిమి. "దాందేముందండీ" అని నవ్వి, కొడుకుచేత నమస్కారము చేయించి వెడలిపోయెను. ఆ సాయంకాలము వచ్చిన శాలువాలను మా యింటిలో పెట్టెలో పెట్టినారు. వానిలో ఏ ఒక్కటియు వానికి కప్పదగినది కాదు.

2001లో ఆలీ న్యూయార్కు టైమ్సు పత్రికావిలేఖరితో, ఆ వేడిలో అనరాని మాటలు అంటిననియు, అదంతయు పోటీ ప్రచారముకొఱకే యనియు, క్షమింపుమనియు చెప్పెను. అది చదివినపుడు, మేమాడిన సరదా మాటయే కొంచెము పెద్ద అక్షరములలో అచ్చుపడినట్లు మాకు తోచెను.

ఇచట ముష్టియుద్ధమునే తప్పుపట్టు పాఠకులును ఉందురు; వారితో మాకు పెద్ద వివాదము లేదు. ఎదుటివాని తలకు దెబ్బ తగులుటయే గెలుపుగా గల యాట అది. 1977లో ఎర్నీ షేవర్సుతో జరిగిన పోటీ పిమ్మట ఆలీ వైద్యుడు ఫెర్డీ పచేకో, శరీరము చెడుచున్నది మానుమని హెచ్చరించి, వినకపోగా తానే విడిచిపోయెను. అయినను 1980 అక్టోబరులో ముప్పదియెనిమిదేండ్ల యాలీని లారీ హోమ్సు ముందర నిలిపిరి. పది రౌండులు ఆలీ కొట్టలేక కొట్టించుకొనెను. మఱుసటి యేడు బహామాలో మఱియొక పోటీ. 1984లో పార్కిన్సను వ్యాధి యని వైద్యులు తేల్చిరి. ఫ్రేజియరుకు ఆలీ ఋణపడినట్లే, టికెట్టు కొని యార్చిన లక్షలమంది ఆలీకి ఋణపడిరి. గొరిల్లాబొమ్మను చూచి నవ్వినవారును వీరే. మా తరగతిలో నవ్విన పిల్లలవలె వీరి పేళ్లును ఏ పుస్తకములోను ఎక్కవు.

ఇక ఋణదాత సంగతి. ఫ్రేజియరు సాధువు కాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్కులందు ఆలీ వణకు చేతులతో జ్యోతిని వెలిగించినపుడు లోకమంతయు కంట తడిపెట్టగా, తానే దగ్గఱ నున్నచో అతనిని ఆ మంటలోనికి త్రోసియుందునన్న భావముతో పలికి, విన్నవారిని నివ్వెఱపఱచెను. ఆ క్రూరవాక్యమును మేము సమర్థింపము. ఇరువది సంవత్సరములు గడచినను మానని పుండు వాసన యట్లుండునని మాత్రము చెప్పగలము. మనీలాలో పదునాల్గవ రౌండు ముగియగా కన్నులు మూసికొనిపోయిన ఫ్రేజియరును అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఆపివేసిన తఱువాత, ఆలీ ఫ్రేజియరు కుమారుడైన మార్విసును తన గదికి పిలిపించుకొని, నీ తండ్రితో నా విచారము చెప్పుమనెను. ఆ మాట తనతో చెప్పవలసినది గాని నీతో కాదని తండ్రి కుమారునితో అనెనట. 2001లో క్షమాపణ పత్రికలో వచ్చినపుడును ఫ్రేజియరు ఒకమాఱు అంగీకరించితిననియు, మఱియొకమాఱు పత్రికకు గాక తనకు చెప్పవలసినదనియు పలికెను. మొదట కొడుకు, పిదప పత్రిక. బాగ్దాదుతో, ప్రపంచమంతటితో ధారాళముగా మాటలాడగలిగిన నోరు ఆ ఒక్క గుమ్మము దగ్గఱ ఎందులకో దూతలను వెదకినది. వ్యాధి పలుకును హరించుటకు చాల ముందునుండియే.

మేము కుఱ్ఱవానిని పిలిచి, వ్యాసములో ఒక్క యక్షరమును కొట్టివేయ నక్కఱలేదనియు, ఫ్రేజియరును గూర్చి ఒక పుట చేర్చి తెమ్మనియు చెప్పితిమి. వాడు వారమునకు రెండు పుటలు వ్రాసి తెచ్చినాడు. హరిశ్చంద్రుని అట్లే యుంచినాడు. మాకు తెలియని సంగతి యొకటి చివర వ్రాసినాడు. మేము సరిచూడగా నిజమైనది.

ఫ్రేజియరు 2011 నవంబరు 7వ తేదీన కాలేయపు కాన్సరుతో మరణించెను. వారముదినములకు ఫిలడెల్ఫియాలో జరిగిన అంత్యప్రార్థనకు ఆలీ వచ్చెను. అప్పటికి అతని నోట మాట దాదాపుగా లేదు, నడచుటకు ఇతరుల యాసరా కావలెను. ప్రార్థన నడుపుచున్న జెస్సీ జాక్సను, ఫ్రేజియరుపట్ల మీ ప్రేమను లేచి నిలిచి చూపుడని సభవారిని కోరెను. ప్రక్కవారు పట్టుకొనగా ఆలీ లేచి, ఆ వణకు చేతులతోనే చప్పట్లు కొట్టెను.